బేకింగ్ చేస్తుంటే ఐడియాలు తడుతున్నాయి, రాయడానికి కూర్చుంటే ఒక్కటీ రావట్లేదు. మీకూ ఇంతేనా?

ఖాళీపేజీ:

అందరికీ నమస్తే. నేను చిన్న కథలు రాస్తాను, వాటికి బొమ్మలు కూడా నేనే వేసుకుంటాను. ఉద్యోగం కాదు, తీరిక దొరికినప్పుడు చేసుకునే పని. ఈమధ్య ఒక వింత గమనిస్తున్నాను. రాద్దామని బుద్ధిగా కూర్చుంటే ఒక్క వాక్యం కదలదు. అదే సాయంత్రం ఫ్రెండ్స్ వస్తున్నారని తెలిసి బ్రెడ్డో కేకో చేద్దామని వంటింట్లోకి వెళ్లానంటే చాలు, రెండు చేతులూ పిండిలో ఉండి పెన్ను కాదు కదా ఫోన్ కూడా ముట్టుకోలేని టైములో, సరిగ్గా అప్పుడే, ఎన్నాళ్లుగానో తెగని కథకి ముగింపు తడుతుంది. వాళ్లు వచ్చాక టేబుల్ చుట్టూ కూర్చుని తింటూ చెప్పుకునే కబుర్లలో ఇంకో నాలుగు కథలకి సరిపడా సరుకు దొరుకుతుంది. తెల్లారేసరికి అందులో సగం గుర్తుండదు.

నా డౌట్లు ఇవి. మీలో ఎవరైనా దీన్ని కావాలని, ఒక పద్ధతిగా వాడుకుంటున్నారా? ఏ రకం బేకింగ్ ఆలోచనకి పనికొస్తుంది? (బ్రెడ్ చేసిన రోజు తట్టినంతగా కేక్ చేసిన రోజు తట్టదు, ఎందుకో తెలీదు.) వచ్చినవాళ్లకి వడ్డిస్తూ తిరుగుతుంటే మాటలు సగం చెవిన పడవు, దానికి మీరేం చేస్తారు? ఇంకొకటి, మా ఇంట్లో మాత్రం "రాయడం ఎగ్గొట్టడానికి నీకు ఓవెన్ ఒక సాకు" అంటున్నారు. అదీ నిజమేనేమో, మొహమాటం లేకుండా చెప్పండి.

పిండిచేతులు:

బ్రెడ్డుకీ కేకుకీ తేడా ఎందుకంటే, కేక్ మీ బుర్రని వదలదండీ. వెన్న మరీ గట్టిగా ఉండకూడదు, కరిగిపోకూడదు, 18 నుంచి 20 డిగ్రీల దగ్గర మెత్తగా ఉంటేనే చక్కెరతో గిలక్కొట్టినప్పుడు గాలి పట్టుకుంటుంది. గుడ్లన్నీ ఒకేసారి వేస్తే మిశ్రమం విరిగినట్టు అవుతుంది. పిండి వేశాక ఎక్కువ తిప్పితే గ్లూటెన్ (తడి తగిలితే పిండిలో అల్లుకునే సాగే ప్రోటీన్) పెరిగి కేక్ గట్టిపడుతుంది, అలాగని గిన్నె పక్కన పెట్టి కాసేపు ఆలోచించుకుందామా అంటే బేకింగ్ పౌడర్ తడి తగలగానే గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది. అంటే మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఓవెన్ తలుపు మూసేదాకా మీ దృష్టంతా దాని మీదే ఉండాలి. క్రోసాంట్ లాంటి పొరల పిండి అయితే మరీ ఘోరం, వెన్న కరిగిపోతుందేమో అన్న టెన్షన్‌తోనే పొద్దు గడిచిపోతుంది.

బ్రెడ్డులో పనికన్నా ఎదురుచూడటమే ఎక్కువ. పిండి, నీళ్లు కలిపి ఓ అరగంట వదిలేస్తే మీరు పిసక్కుండానే గ్లూటెన్ అల్లుకోవడం మొదలవుతుంది. దీన్ని ఆటోలైజ్ అంటారు, రేమండ్ కాల్వెల్ అనే ఫ్రెంచ్ బేకింగ్ ప్రొఫెసర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. తర్వాత ఉప్పు, ఈస్ట్ వేసి పది నిమిషాలు పిసకడం. ఒకే కదలిక మళ్లీ మళ్లీ, చేతులకి పని ఉంటుంది, తలకి ఉండదు. ఆ తర్వాత గదిలో వేడిని బట్టి గంటో రెండు గంటలో పొంగాలి. తొందర లేకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా పెట్టేయొచ్చు, ఈస్ట్ నెమ్మదిస్తుంది, రుచి మాత్రం పెరుగుతుంది. ఇన్ని ఖాళీలు ఉన్న వంటకం ఇంకోటి నాకు తెలీదు.

కానీ ఖాళీ ఉంటే చాలదు. గ్రాహం వాలస్ అనే ఇంగ్లిష్ ఆయన 1926లో సృజన గురించి రాస్తూ నాలుగు దశలు చెప్పాడు. ముందు సమస్యతో కుస్తీ పట్టడం, తర్వాత దాన్ని పక్కన పెట్టేయడం, అప్పుడు ఉన్నట్టుండి తట్టడం, చివరికి అది పనికొస్తుందో లేదో సరిచూసుకోవడం. మనందరికీ రెండోది, మూడోది ఇష్టం. మొదటిది చేయకుండా పిండి పిసికితే బ్రెడ్ మాత్రమే వస్తుంది. అందుకని నేనేం చేస్తానంటే, పిండి తూచే ముందు ఆగిపోయిన కథ ఒకసారి చదువుతాను, ఎక్కడ ఇరుక్కుందో ఒక్క ప్రశ్నగా కాగితం మీద రాస్తాను. "కథ ఎలా ముగించాలి" అని కాదు, అంత పెద్ద ప్రశ్నకి ఏదీ తట్టదు. "ఆ ఉత్తరం చదివాక కూడా ఆవిడ తలుపెందుకు తీసింది?" ఇలాంటిది. ఆ కాగితం సింక్ పైన అతికించి పనిలోకి దిగుతాను. మీకు ముగింపులు తడుతున్నాయంటే మీరు అంతకుముందు టేబుల్ దగ్గర "ఏమీ రాక" కూర్చున్న టైం వృథా కాలేదనే అర్థం, దాన్ని మాత్రం మానకండి.

సూటిగా_చెప్తా:

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. మీ ఇంట్లోవాళ్లు అన్నదాంట్లో సగం నిజం ఉంది. తేల్చుకోవడం తేలికే. బేకింగ్ చేసిన రోజు రాత్రికి ఒక పేరా అయినా కాగితం మీద ఉందా? ఉంటే అది మీ పద్ధతి. ప్రతిసారీ కేక్ ఫోటో మాత్రమే మిగులుతుంటే సాకు. నాకు తెలిసినవాళ్లలో రెండో రకమే ఎక్కువ, బేకింగ్‌లో ఉన్న సుఖం ఏంటంటే మొదలుపెడితే అయిపోతుంది, బాగుందో లేదో గంటలో తెలిసిపోతుంది, కథకి ఆ గ్యారంటీ లేదు. అందుకే మనసు అటు పోతుంది.

ఇంకో మాట, నలుగురూ కలిస్తే ఐడియాలు పుడతాయన్నది కూడా అందరూ అనుకున్నంత నిజం కాదు. 1958లో యేల్ యూనివర్సిటీలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే ముగ్గురు దీన్ని పరీక్షించారు. నలుగురిని కలిపి కూర్చోబెట్టి ఐడియాలు చెప్పమన్నదానికంటే, నలుగురినీ విడివిడిగా కూర్చోబెట్టి వాళ్లవన్నీ కలిపి లెక్కేస్తే ఎక్కువ వచ్చాయి. తర్వాత 1987లో డీల్, ష్ట్రోబె అనే ఇద్దరు కారణం వెతికితే ముఖ్యంగా తేలింది ఇదీ: ఒకళ్లు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేసరికి తమ బుర్రలో ఉన్నది జారిపోతుంది. కాబట్టి టేబుల్ దగ్గర అందర్నీ కూర్చోబెట్టి "నా కథకి ముగింపు చెప్పండి" అని అడగొద్దు. కథలూ పాడవుతాయి, భోజనమూ పాడవుతుంది. అక్కడ మీకు దొరికేది ఐడియా కాదు, ముడిసరుకు. ఒకాయన అబద్ధం చెప్పేముందు గ్లాసు ఎలా జరుపుతాడో, ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే సంగతిని రెండు రకాలుగా ఎలా చెప్తారో, అవి ఏరుకోండి. ఐడియా మీరు ఒంటరిగా ఉన్నప్పుడే వస్తుంది.

గీతలపిచ్చి:

పైన ఉన్న సూటిగారి మాటతో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. "ఫోటో మాత్రమే మిగిలితే సాకు" అన్నారు చూడండి, బొమ్మలు వేసేవాళ్లకి ఆ బ్రెడ్డే పాఠం అండీ బాబూ. ఒక బ్రెడ్ మధ్యకి కోసి దాని అడ్డకోత చూసి గీయండి. రంధ్రాలు అన్నీ ఒకేలా ఉండవు, పైన పెద్దవి, అడుగున నొక్కుకుపోయినవి, పొంగేటప్పుడు గ్యాస్ ఎటు తోసిందో కనిపిస్తుంది. పైపొర రంగు చూడండి, గోధుమ రంగు అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ అందులో తేనె రంగు నుంచి దాదాపు నలుపు దాకా ఉంటాయి. పిండిలోని చక్కెరలు, ప్రోటీన్లు దాదాపు 140 డిగ్రీలు దాటాక కలిసి చేసే మేయార్డ్ చర్య అది, రంగూ వాసనా రెండూ దాన్నుంచే. పైన బ్లేడుతో గాటు పెట్టిన చోట పిండి విచ్చుకుని లేత రంగులో ఉంటుంది, పక్కనే ముదురు అంచు. వెలుగునీడలు ప్రాక్టీస్ చేయడానికి ఇంతకన్నా మంచి వస్తువు చూపించండి.

మనుషుల్ని గీయడానికి కూడా తినే సమయమే మంచిది. బొమ్మ వేస్తున్నామని తెలిస్తే ఎవరైనా బిగుసుకుపోతారు. తింటున్నప్పుడు చేతుల సంగతి మర్చిపోతారు. బ్రెడ్ తుంచే చేతులు, ముక్క చేతిలోనే పెట్టుకుని వాదించే చేతులు, పళ్లెం అంచున పొడి ఏరుకునే వేలు. నేను ముఖాలు వేయను, ఒడిలో చిన్న పుస్తకం పెట్టుకుని చేతులే గీస్తాను, ఎవరూ పట్టించుకోరు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. ప్రతిసారీ కొత్త రెసిపీ వెతక్కండి. నేను ఒకే బ్రెడ్ చేస్తాను, 100 గ్రాముల పిండికి 68 నీళ్లు, 2 ఉప్పు, ఈస్ట్ కొంచెం. బేకర్లు అన్నిటినీ పిండి బరువులో శాతంగానే చెప్పుకుంటారు కాబట్టి ఎంత చేసినా లెక్క మారదు. ప్రతిసారి ఒక్కటి మాత్రమే మారుస్తాను, నీళ్లు 75కి పెంచడమో, పిండిలో ఐదో వంతు వేరే ధాన్యం కలపడమో, అంతే. ఒక్కటే మారితే ఏం జరిగిందో కళ్లకి కనిపిస్తుంది. బొమ్మలకీ ఇదే పెట్టుకున్నాను, ఒక నెలంతా రెండు రంగులే. ఇది నేను కనిపెట్టిందేం కాదు, 1960లో పారిస్‌లో ఫ్రెంచ్ రచయిత రేమండ్ కెనో, ఫ్రాన్సువా లె లియోనె కలిసి ఊలిపో అనే గుంపు పెట్టారు, రచయితలూ గణితం తెలిసినవాళ్లూ కలిసి, తమకు తామే కఠినమైన నియమాలు పెట్టుకుని రాయడమే దాని పని. కట్టుబాటు ఉంటే ఊహ ఎక్కువ పనిచేస్తుందని వాళ్ల నమ్మకం, నా అనుభవం కూడా అదే.

ఖాళీపేజీ:

అబ్బ, ఇంత వివరంగా వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. పిండిచేతులు గారూ, సింక్ పైన ప్రశ్న అతికించడం ఈ వారమే చేస్తాను. సూటిగా గారూ, గుచ్చుకుంది కానీ అవసరమే. ఒక చిన్న డౌట్, పిండి చేతులతో ఉండగా తట్టింది ఎలా రాసుకుంటారు? చేతులు కడుక్కుని వచ్చేలోపు సగం పోతోంది.

చిత్తుకాగితం:

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ముందే ఆన్ చేసి అల్మారా మీద పెట్టేయండి, పని చేస్తున్నంతసేపు అలా రికార్డ్ అవుతూనే ఉంటుంది, తర్వాత అవసరమైన చోటు మాత్రం వినండి. నాకు నా గొంతు వినడం చిరాకు కాబట్టి నేను మొద్దు పెన్సిలూ అట్టముక్కలూ పెట్టుకుంటాను. అట్టకి పిండి అంటినా ఏం కాదు. పూర్తి వాక్యం రాయాలని చూడకండి, మూడు మాటలు చాలు, అవి కూడా వస్తువుల పేర్లయితే మంచిది. "కోపం, ఒంటరితనం" అని రాస్తే మర్నాడు చదివి దేని గురించో గుర్తు రాదు. "తడి చెప్పులు, మేడ మెట్లు, ఈల" అని రాస్తే మొత్తం తిరిగొస్తుంది.

ఎమిలీ డికిన్సన్ గురించి విన్నారా? అమెరికన్ కవయిత్రిగానే అందరికీ తెలుసు గానీ ఇంట్లో బ్రెడ్ ఆవిడే చేసేది, 1856లో వాళ్ల ఊరు ఆమ్‌హర్‌స్ట్‌లో జరిగిన ప్రదర్శనలో ఆవిడ రై అనే ధాన్యం, మొక్కజొన్న పిండి కలిపి చేసిన బ్రెడ్డుకి రెండో బహుమతి వచ్చింది. కొన్ని కవితల చిత్తుప్రతులు వంటింటి కాగితాల మీదే ఉన్నాయి, కొబ్బరి కేక్ రెసిపీ రాసిన కాగితం వెనక రాసినది కూడా దొరికింది. అంటే ఆవిడ చేతికి దగ్గర్లో ఏ కాగితం ఉంటే దాని మీద రాసేసిందన్నమాట. మంచి నోట్‌బుక్ కొనుక్కున్నాక మొదలుపెడదాం అనుకునేవాళ్లు (నా ఫ్రెండ్స్‌లో చాలామంది, పేర్లు చెప్పను) ఇది చదవాలి.

వంటింటి_కిటికీ:

ఆలస్యంగా చూశాను. వడ్డిస్తూ తిరగడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ ఒక్కటీ నేను చెప్తాను, నాకు ఇంటికి మనుషుల్ని పిలవడం పిచ్చి.

మొదటిది, తక్కువమందిని పిలవండి. రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయనతో పనిచేసేవాళ్లు 1990లలో జనం గుంపులుగా మాట్లాడుకోవడం గమనించి చూస్తే, ఒకే సంభాషణ నలుగురి దాకానే నిలబడుతుంది, ఐదో మనిషి వచ్చాడంటే రెండుగా చీలడం మొదలవుతుంది. ఎనిమిది మంది టేబుల్ దగ్గర ఉంటే మీరు ఎటు చెవి పెట్టినా రెండోది పోతుంది. ఎక్కువమంది తప్పదనుకుంటే చీలనివ్వండి, కానీ ఏదో ఒక గుంపులో కుదురుగా కూర్చోండి, మధ్యలో తిరక్కండి.

రెండోది, వచ్చాక వంటింట్లో చేసే పని ఏదీ మిగలకూడదు. కుకీల పిండి ముందే ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, వచ్చినవాళ్లు కూర్చున్నాక నేరుగా ట్రేలో పెట్టి ఓవెన్‌లోకి తోసేయొచ్చు, మామూలుగా పట్టే టైం కన్నా ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి, అంతే. వేడివేడిగా వస్తాయి, మీరు లేచింది ఒక్కసారే. బ్రెడ్ అయితే ముందురోజుదైనా పర్లేదు. చల్లారిన బ్రెడ్ కోయడం తేలిక కూడా. ముఖ్యంగా ఉండాల్సింది మాటలు, తిండి కాదు. 1905లో లండన్ గోర్డన్ స్క్వేర్‌లో థోబీ స్టీఫెన్ (రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ అన్న) గురువారం రాత్రుళ్లు మిత్రుల్ని పిలవడం మొదలుపెట్టినప్పుడు పెట్టిందేంటో తెలుసా, విస్కీ, బన్నులు, కోకో. బ్లూమ్స్‌బరీ గ్రూప్ అని తర్వాత పేరొచ్చింది ఆ బన్నుల చుట్టూ చేరిన రచయితలకీ కళాకారులకే. పది రకాలు పెడితే జనం తిండి గురించే మాట్లాడతారు, బాగుందండీ ఎలా చేశారండీ అని, అక్కడితో అయిపోతుంది.

ఓవెన్ ముందే ఆన్ చేసి ఉంచడానికి ఇంకో కారణం ఉంది. వాసన. మిగతా ఇంద్రియాల సమాచారం మెదడులో థాలమస్ అనే చోటు మీదుగా వెళ్తుంది, వాసన మాత్రం దాన్ని దాటుకుని భావాలకీ జ్ఞాపకాలకీ సంబంధించిన భాగాల్లోకి దాదాపు నేరుగా చేరుతుంది. అందుకే దాల్చినచెక్క వాసన తగలగానే ఎప్పటిదో ఒక ఇల్లు గుర్తొస్తుంది, ఎవరి ఇల్లో వెంటనే చెప్పలేం. వచ్చినవాళ్లని "ఏంటి విశేషాలు" అని అడిగితే ఆఫీసు గొడవలు చెప్తారు. "ఈ వాసనకి మీకేం గుర్తొస్తోంది" అని అడిగి చూడండి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మొదలుపెడతారు. నేను ఇప్పటిదాకా విన్న మంచి కథలన్నీ ఈ ప్రశ్నకి వచ్చినవే.

అయితే ఒకటి. మీ టేబుల్ దగ్గర మిమ్మల్ని నమ్మి చెప్పింది అలాగే ఎత్తి కథలో పెట్టేయకండి. మనిషిని మార్చండి, చోటు మార్చండి, అప్పటికీ వాళ్లు గుర్తుపట్టేలా ఉంటే ముందే అడిగేయండి. అడిగితే చాలామంది సంతోషిస్తారు. అడక్కుండా రాస్తే మళ్లీ ఆ మనిషి మీ ఇంట్లో నోరు విప్పడు.

సూటిగా_చెప్తా:

ఆ చివరి పేరా కోసం ఒక దండం. వాసన ప్రశ్న నేనూ కాజేస్తున్నా.

ఒక్కడే:

మీరంతా ఫ్రెండ్సూ టేబుళ్లూ అంటున్నారు, నేను ఒంటరిగా ఉంటాను, ఓవెన్ కూడా లేదు. నాలాంటివాళ్లకి ఇందులో ఏమైనా ఉందా?

వంటింటి_కిటికీ:

ఉంది బ్రో. మందపాటి గిన్నె, బిగుతైన మూత, అడుగున స్టాండ్ లాంటిది పెట్టి సన్నటి మంట మీద చిన్న కేక్ చేసుకోవచ్చు, పైన రంగు రాదు గానీ లోపల చక్కగా ఉడుకుతుంది. అందులో సగం తీసుకెళ్లి పక్కింట్లో ఇవ్వు. గుమ్మం దగ్గర ఐదు నిమిషాల మాటలు కూడా కలయికే. ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి వాళ్లు వచ్చినప్పుడు ఇంకో ఐదు నిమిషాలు.

ఖాళీపేజీ:

ఈ శనివారానికి నలుగురినే పిలిచాను, బ్రెడ్డూ సూప్ మాత్రమే. శుక్రవారం రాత్రి పిండి ఫ్రిజ్‌లో పెడతాను. పిండిచేతులు గారూ, పొద్దున్న అది గది వేడికి రావాలా, నేరుగా ఓవెన్‌లో పెట్టేయొచ్చా?

పిండిచేతులు:

రాత్రే ఆకారం చేసి పెడితే నేరుగా పెట్టేయొచ్చు, చల్లగా ఉంటే గాటు కూడా చక్కగా పడుతుంది. మూత ఉన్న బరువైన గిన్నె ఓవెన్‌లోనే పెట్టి 230 డిగ్రీలకి బాగా వేడెక్కనివ్వండి, అరగంటైనా. మూతతో 20 నిమిషాలు, లోపలి ఆవిరికి బాగా పొంగుతుంది. మూత తీశాక ఇంకో 20, రంగు చూసుకుంటూ. లోపల 95 డిగ్రీలు దాటితే అయినట్టే, థర్మామీటర్ లేకపోతే అడుగున తట్టి చూడండి, డొల్లగా మోగాలి. కోసే ముందు గంట ఆగండి, వేడిగా కోస్తే లోపల జిగురుగా ఉంటుంది. ఆ గంటలో ఫ్రెండ్స్ ఇంకా రారు, సింక్ పైన కాగితం ఎలాగూ ఉంటుంది.